కాలిన కాళ్లకు నిలకడ: వ్యాయామంతో తిరిగి సాధించే తీరు

కాళ్లకు లోతైన కాలిన గాయాలైనప్పుడు మొదటి వారాల చికిత్స అంతా ప్రాణం నిలపడం, ఇన్ఫెక్షన్ రానివ్వకపోవడం, పుండు మాన్పడం అనే మూడు పనుల చుట్టూ తిరుగుతుంది. గ్రాఫ్ట్ (పుండును మూయడానికి వేరే చోటి నుంచి తీసి అతికించిన చర్మం) అతుక్కుని, కట్లు తగ్గి, రోగి వార్డులో నాలుగడుగులు వేసిన రోజున గండం గడిచినట్టేనని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి మరో రకం కష్టం మొదలయ్యేది అక్కడి నుంచే. పగటి వెలుతురులో, చదునైన నేల మీద బాగానే నడిచే మనిషి రాత్రి దీపం వేయకుండా లేచినప్పుడు తూలిపోతాడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలలేడు. ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కోలేక మంచం అంచు వెతుక్కుంటాడు. జనంలో ఎవరి భుజమైనా తగిలితే తేరుకోవడానికి రెండు మూడడుగులు పక్కకు వేస్తాడు.

దీన్ని నీరసం అనుకుని, ఒంట్లో బలం పుంజుకుంటే అదే సర్దుకుంటుందని చెప్పడం మామూలు. ఆ మాటలో నిజం ఉంది కానీ సగమే. కాళ్లు కాలిన తర్వాత నిలకడ తగ్గడానికి ఒకదానితో ఒకటి పెనవేసుకున్న అనేక కారణాలుంటాయి. చర్మం ద్వారా మెదడుకు చేరవలసిన సమాచారం చేరకపోవచ్చు, మచ్చ బిగుసుకుని కీలు తిరగకపోవచ్చు, కండరం కరిగిపోవచ్చు, నరం దెబ్బతినవచ్చు, కొన్నిసార్లు లోపలి చెవికి కూడా హాని జరగవచ్చు. వీటిలో ఏది ఎంత మేరకు జరిగిందన్నది ఒక్కో రోగిలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి అందరికీ ఒకే వ్యాయామాల పట్టిక ఇచ్చి పంపితే కొందరు బాగుపడతారు, మరికొందరు నెలల తరబడి శ్రమపడీ ఉన్నచోటే ఉంటారు. నిలకడ కోసం చేసే వ్యాయామం లోపాన్ని బట్టి ఎంచుకోవలసినది. పైగా నిలకడనే నేరుగా సాధన చేయాలి తప్ప, కండరం పెరిగితే అది దానంతట అదే వస్తుందని వదిలేయకూడదు.

నిలబడడం వెనుక జరిగే పని

కదలకుండా నిలబడ్డామని అనుకున్నప్పుడు కూడా శరీరం కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగును మెదడు ఎప్పటికప్పుడు పసిగట్టి, పిక్క, తొడ, తుంటి కండరాలకు ఆదేశాలు పంపి సరిచేస్తుంది. ఇందుకు కావలసిన సమాచారం మూడు దారుల్లో వస్తుంది: కళ్లు, లోపలి చెవిలోని సమతుల్య అవయవం, పాదాల చర్మం నుంచీ కీళ్లు, కండరాల నుంచీ అందే స్పర్శ జ్ఞానం. తరచూ ఉదహరించే అంచనా ప్రకారం గట్టి నేల మీద, మంచి వెలుతురులో నిలబడిన ఆరోగ్యవంతుడు సుమారు 70 శాతం స్పర్శ మీద, 20 శాతం లోపలి చెవి మీద, 10 శాతం మాత్రమే చూపు మీద ఆధారపడతాడు. కాలిన గాయం నేరుగా దెబ్బతీసేది ఆ 70 శాతాన్నే. అందుకే కాళ్లు కాలినవారు తెలియకుండానే చూపు మీద ఎక్కువగా ఆధారపడడం మొదలుపెడతారు, నడుస్తున్నంతసేపూ నేలకేసి చూస్తారు. చీకటి పడగానే ఆ ఆధారం పోతుంది.

ఒత్తిడిని, సాగుదలను, కంపనాన్ని గుర్తించే స్పర్శ గ్రాహకాలు చర్మంలోని లోపలి పొరలోనూ, దాని పైకీ కిందికీ ఆనుకునీ ఉంటాయి. పైపైన కాలిన గాయంలో అవి చాలావరకు మిగులుతాయి. లోపలి పొర దెబ్బతిన్నప్పుడు, ముఖ్యంగా చర్మం పూర్తి మందంలో కాలినప్పుడు, అవి నశిస్తాయి. దాని మీద అతికించే పలుచని గ్రాఫ్ట్ పుండును మూయగలదు కానీ పోయిన గ్రాహకాలను తెచ్చి పెట్టలేదు. పుండు అడుగు నుంచీ అంచుల నుంచీ నరపు తంతువులు మెల్లగా గ్రాఫ్ట్‌లోకి పెరుగుతాయి. అందుకు నెలలు పడుతుంది, వచ్చే స్పర్శ కూడా సాధారణంగా మునుపటిలా ఉండదు. అరికాలి చర్మం మందమైనది కాబట్టి కొన్ని గాయాల్లో అది తప్పించుకుంటుంది. అంతమాత్రాన స్పర్శ సమాచారం చెక్కుచెదరలేదని అనుకోకూడదు. చీలమండ చుట్టూ ఉన్న చర్మం కీలు వంగినప్పుడల్లా సాగుతూ, ముడుచుకుంటూ ఆ కీలు ఏ కోణంలో ఉందో మెదడుకు చెబుతుంటుంది. అక్కడ బిగిసిన మచ్చ ఏర్పడితే ఆ సమాచారం మసకబారుతుంది. ఊరటనిచ్చే విషయం ఏమిటంటే, కండరాల లోపల, కీళ్ల సంచుల్లో ఉండే గ్రాహకాలు చాలా గాయాల్లో మిగిలే ఉంటాయి. మిగిలిన వాటికి ఎక్కువ విలువ ఇవ్వడం మెదడు నేర్చుకోగలదు. నిలకడ వ్యాయామం మొత్తం నిలబడింది ఈ సామర్థ్యం మీదే.

మచ్చ బిగుసుకోవడం రెండో కారణం. కాలిన చోట నొప్పి తక్కువగా ఉండే భంగిమలో కాలును ముడిచి ఉంచుకోవడం ఎవరైనా చేసే పనే. దురదృష్టవశాత్తు ఆ సుఖమైన భంగిమలోనే మచ్చ గట్టిపడి కాంట్రాక్చర్‌గా, అంటే కీలును కదలనివ్వని బిగుతుగా మారుతుంది. తుంటి ముందు భాగం కాలితే తుంటి ముందుకు వంగి బిగుస్తుంది, మోకాలి వెనుక కాలితే మోకాలు పూర్తిగా చాపుకోదు, పిక్క కింది భాగం కాలితే మడమ పైకి లేచి పాదం మునివేళ్ల మీద నిలుస్తుంది, పాదం పైభాగం కాలితే కాలివేళ్లు పైకి లాగబడి నేలకు ఆనవు. వీటిలో ప్రతి ఒక్కటీ నిలకడను తనదైన పద్ధతిలో చెడగొడుతుంది. కొద్దిపాటి ఊగును సరిచేయడానికి శరీరం ముందుగా వాడుకునేది చీలమండ కదలికనే. మామూలు నడకలో పాదం నేల మీద ఉండగా కాలి ఎముక దాని మీదుగా ముందుకు వంగడానికి సుమారు 10 డిగ్రీల కదలిక కావాలి, మెట్లు దిగడానికి అంతకంటే ఎక్కువ. ఆ కదలిక లేనివారు ప్రతి చిన్న ఊగుకూ తుంటిని విసరవలసి వస్తుంది లేదా అడుగు వేయవలసి వస్తుంది. వేళ్లు నేలకు ఆనని పాదంలో ముందువైపు ఆధారం కుంచించుకుపోతుంది కనుక ముందుకు వంగి ఏదైనా అందుకోవడమే ప్రమాదం అవుతుంది. మోకాలు వంగి బిగుసుకున్నవారి తొడ కండరం నిలబడి ఉన్నంతసేపూ పనిచేస్తూనే ఉండాలి కాబట్టి త్వరగా అలసి, అలసిన కొద్దీ ఊగు పెరుగుతుంది.

ఇక కండరం సంగతి. పెద్ద విస్తీర్ణంలో కాలినప్పుడు శరీరపు జీవక్రియ విపరీతంగా పెరిగి, కండరాల్లోని ప్రోటీన్‌ను కరిగించి వాడుకుంటుంది. తీవ్రమైన గాయాల్లో ఈ స్థితి పుండ్లు మానగానే ఆగిపోదు. ఏడాదీ రెండేళ్లూ, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం కొనసాగుతుంది. దానికి మంచాన పడి ఉండడం తోడవుతుంది. తొడ, పిక్క, పిరుదు కండరాలు పలచబడతాయి. తూలినప్పుడు పడకుండా ఆగాలంటే క్షణంలో కొంత భాగంలోనే కండరం బలం చూపాలి. మెల్లగా పెద్ద బరువు ఎత్తగలిగినా ఆ వేగం లేకపోతే లాభం తక్కువ. వ్యాయామ పట్టికల్లో ఈ వేగానికి దక్కుతున్న చోటు చాలా తక్కువ.

నరాల సంగతి తేలిగ్గా జారిపోయేది. మోకాలి బయటివైపు చిన్న ఎముక తల పక్కగా చర్మం కిందే వెళ్లే నరం, కాళ్లు బయటికి తిరిగి పడి ఉండడం వల్లా, బిగుతు కట్ల వల్లా నలిగిపోతే పాదాన్ని పైకి ఎత్తలేని స్థితి వస్తుంది. అలాంటి పాదం కొన చిన్న గట్టుకు కూడా తగులుకుంటుంది. విద్యుత్ ప్రవాహం వల్ల కాలినవారిలో బయటికి కనిపించే గాయం చిన్నదైనా లోపలి కండరాలూ నరాలూ ఎక్కువ దూరం దెబ్బతిని ఉండవచ్చు. దీర్ఘకాలం ఐసీయూలో ఉన్నవారిలో రెండు కాళ్ల నరాలూ ఒకేసారి బలహీనపడడం కూడా ఉంటుంది.

లోపలి చెవి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కాలిన కాలికీ చెవికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు. కాలిన గాయాల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు వాడే జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్స్ ప్రాణాలు నిలిపేవే కానీ అవి కొందరిలో లోపలి చెవికి హాని చేయగలవు. రెండు చెవులూ ఒకేలా దెబ్బతింటే కళ్లు తిరగడం ఉండకపోవచ్చు. నడుస్తుంటే ఎదుటి వస్తువులు ఎగిరిపడుతున్నట్టు కనిపించడం, చీకట్లో అసలు నిలబడలేకపోవడం మాత్రమే కనిపిస్తాయి. పాదాల స్పర్శ ముందే తగ్గి ఉన్న మనిషికి ఇది కూడా తోడైతే మిగిలేది చూపు ఒక్కటే. అందుకే ఆసుపత్రిలో ఏ మందులు ఎన్ని రోజులు వాడారో ఫిజియోథెరపిస్ట్ తెలుసుకుని తీరాలి.

ముందు కొలవాలి

వ్యాయామం మొదలుపెట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చే పరీక్షలు చాలావరకు సులువైనవే, వాటికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూసుకున్నప్పుడు ఊగు బాగా పెరిగితే స్పర్శ సమాచారం లేదా లోపలి చెవి బలహీనంగా ఉందని అర్థం. 10 గ్రాముల ఒత్తిడి కలిగించే సన్నని నైలాన్ తంతువుతో అరికాలిని తాకి చూస్తే రక్షణ ఇచ్చేంత స్పర్శ ఉందో లేదో తెలుస్తుంది. కోణమానినితో చీలమండ, మోకాలు, తుంటి ఎంత తిరుగుతున్నాయో కొలవవచ్చు. రెండు బరువు యంత్రాలు పక్కపక్కన పెట్టి ఒక్కోదాని మీద ఒక్కో పాదం ఉంచి మామూలుగా నిలబడమంటే, మనిషి తన బరువును ఏ కాలి మీదికి తోసేస్తున్నాడో రోగికే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బాగున్న కాలి మీదే నిలబడుతున్నానన్న సంగతి చాలామందికి అప్పటిదాకా తెలియదు.

మొత్తం నిలకడను అంచనా వేయడానికి కొన్ని ప్రామాణిక కొలమానాలున్నాయి. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష వాటిలో ఒకటి. పెద్ద వయసువారిలో 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ముప్పు ఉందని భావిస్తారు. ఒంటికాలి మీద 5 సెకన్లు కూడా నిలవలేకపోవడం మరో హెచ్చరిక. నిలకడను మార్కులతో కొలిచే బెర్గ్ స్కేలులో 14 పనులకు కలిపి గరిష్ఠంగా 56 మార్కులుంటాయి, 45 కంటే తగ్గితే జాగ్రత్త పడాలంటారు. అయితే ఈ కొలమానాలు ఎక్కువగా వృద్ధుల కోసం రూపొందినవి. కాలిన గాయాల బారిన పడేవారిలో యువకులు, పనిచేసే వయసువారు చాలామంది ఉంటారు. వారు బెర్గ్ స్కేలులో 56కు 56 తెచ్చుకుని కూడా నిచ్చెన ఎక్కలేకపోవచ్చు, బరువు మోస్తూ ఎగుడుదిగుడు నేల మీద నడవలేకపోవచ్చు. మార్కులు నిండాయి కాబట్టి పునరావాసం పూర్తయిందని రాసి పంపడం ఇలాంటివారికి అన్యాయం చేయడమే. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని వేర్వేరు దిశల్లో వీలైనంత దూరం చాపి చూపే పరీక్ష, ఇబ్బందికరమైన నేల మీద నడక, బరువుతో మెట్లు దిగడం వంటివి వారికి తగిన కొలతలు.

ఎంత త్వరగా

కాళ్లకు గ్రాఫ్ట్ వేశాక వారం పది రోజులు కదలనివ్వకుండా పడుకోబెట్టడం ఒకప్పుడు పరిపాటి. కాలు కిందికి వేలాడితే రక్తం చేరి గ్రాఫ్ట్ ఊడిపోతుందన్న భయం దానికి కారణం. కాళ్లకు సరిగ్గా కట్టు కట్టి నిలబెడితే గ్రాఫ్ట్‌కు నష్టం పెరగదని తేలడంతో ఇప్పుడు వీలైనంత త్వరగా నడిపించమనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంచం దిగే ముందే కాలివేళ్ల మొదలు నుంచి పైకి, ఎనిమిది అంకె ఆకారంలో, ఎలాస్టిక్ బ్యాండేజ్ చుట్టాలి. గ్రాఫ్ట్ అరికాలిలో ఉన్నా, కీలు బయటపడి ఉన్నా, ఎముక విరిగి ఉన్నా పరిస్థితి వేరు. ఆ నిర్ణయం సర్జన్‌దే.

నిలబెట్టడానికి ముందే చేయవలసిన పని కూడా చాలా ఉంది. చీలమండను 90 డిగ్రీల్లో ఉంచే స్ప్లింట్ (కీలును కదలకుండా పట్టి ఉంచే పట్టీ) వాడడం, మోకాలి కింద దిండు పెట్టకపోవడం, తుంటి ముందు భాగం కాలినవారిని వీలైతే రోజూ కొంతసేపు బోర్లా పడుకోబెట్టడం వంటివి తర్వాతి నెలల నిలకడకు పునాది. దిండు పెట్టకుండా ఉండడమనే చిన్న క్రమశిక్షణ తర్వాత ఒక ఆపరేషన్‌నే తప్పించవచ్చు.

మొదటిసారి నిలబడినప్పుడు కళ్లు బైర్లు కమ్మడం, కాళ్లలో సూదులు పొడిచినట్టు రక్తం దిగడం సాధారణం. చాలా రోజులు పడుకుని ఉన్నవారిలో నిలబడగానే రక్తపోటు పడిపోతుంది కాబట్టి ముందు మంచం మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత మెల్లగా నిలబెట్టాలి; అవసరమైతే కోణం మార్చగల బల్ల మీద దశలవారీగా లేపాలి. నిలబడి ఊరికే ఉండడం కంటే అక్కడే పాదాలు కదిలించడం, అడుగులు వేయడం మంచిది. పిక్క కండరం పనిచేస్తే కిందికి చేరిన రక్తం పైకి వెళ్తుంది.

వ్యాయామం లోపల ఏముండాలి

వ్యాయామ సమయంలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది అందరూ అనుకునేదానికంటే ముఖ్యం. ముందు మచ్చకు తేమనిచ్చే క్రీము రాసి మృదువుగా మర్దన చేయాలి. తర్వాత మచ్చ తెల్లబారేవరకు నెమ్మదిగా సాగదీసి అక్కడే పట్టి ఉంచాలి. ఒక్కసారిగా గుంజితే చర్మం చిరుగుతుంది, నొప్పికి కండరం ఎదురు బిగుసుకుంటుంది. తక్కువ బలంతో ఎక్కువసేపు సాగదీయడమే మచ్చకు నచ్చే పద్ధతి. ఇక్కడితో ఆగిపోవడమే చాలాచోట్ల జరుగుతున్న పొరపాటు. అలా సంపాదించిన కదలికను వెంటనే బరువు మోసే పనిలో పెట్టాలి. చీలమండ అయిదు డిగ్రీలు అదనంగా వంగిందనుకుంటే, ఆ వెంటనే ఒక కాలు ముందుకు వేసి, మడమ నేల మీదే ఉంచి మోకాలిని ముందుకు వంచుతూ బరువు మార్చాలి. సాగదీసి వదిలేసిన మచ్చ తెల్లవారేసరికి మళ్లీ బిగుస్తుంది. సాగిన మేరకు పనిలో వాడితే మచ్చకూ మెదడుకూ రెండింటికీ ఆ కొత్త కోణం అలవాటవుతుంది.

బరువు మార్పిడి దగ్గర ఓపిక కావాలి. గాయమైన కాలిని నమ్మడం రోగికి కష్టం. ప్యారలల్ బార్స్ (రెండు పక్కలా పట్టుకునే సమాంతర కడ్డీలు) మధ్య గానీ గట్టి బల్ల పక్కన గానీ నిలబడి పక్కలకు, ముందుకు, వెనక్కు నెమ్మదిగా బరువు మార్చడం, తర్వాత బాగున్న పాదాన్ని చిన్న మెట్టు మీద పెట్టి గాయమైన కాలి మీదే నిలబడడం, ఆ తర్వాత పాదాలను ఒకదాని ముందు ఒకటి పెట్టి నిలబడడం, చివరకు ఒంటికాలి నిలకడ అనే క్రమంలో ఇది సాగుతుంది. తర్వాతి దశకు ఎప్పుడు వెళ్లాలన్నది తారీకును బట్టి కాకుండా, ఉన్న దశలో చేతి ఆసరా లేకుండా అర నిమిషం నిలవగలుగుతున్నాడా అన్నదాన్ని బట్టి నిర్ణయించడం మేలు.

బలం కోసం కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలు ఎత్తడం, మెట్టు ఎక్కి దిగడం, పక్కకు నడవడం వంటివి సరిపోతాయి. తర్వాత బరువులు చేర్చవచ్చు. పెద్ద గాయాల తర్వాత కూడా కండరం వ్యాయామానికి స్పందిస్తుందా అన్న సందేహం ఒకప్పుడు ఉండేది. అమెరికాలోని గాల్వెస్టన్‌లో, శరీరంలో 40 శాతానికి పైగా కాలిన పిల్లలకు గాయమైన 6 నెలల తర్వాత 12 వారాల పాటు క్రమంగా పెంచుతూ బరువులతో వ్యాయామం చేయించి, 2001లో ప్రచురించిన అధ్యయనం ఆ సందేహాన్ని చాలావరకు తీర్చింది. వారి కండర బలమూ, కొవ్వు మినహాయించిన శరీర బరువూ మామూలు పునరావాసంలో ఉన్న పిల్లల కంటే బాగా పెరిగాయి. కాలిన గాయాల పునరావాసంలో 12 వారాల కార్యక్రమం తరచూ కనిపించడానికి ఈ పరంపర ఒక కారణం. కొంత బలం వచ్చాక అదే కదలికలను వేగంగా చేయించాలి: నెమ్మదిగా కూర్చుని చురుగ్గా లేవడం, మడమలను ఒక్క ఊపున ఎత్తి మెల్లగా దించడం.

స్పర్శ, చూపు, చెవి ఈ మూడింటినీ విడివిడిగా సాధన చేయించడమే నిలకడ వ్యాయామపు అసలు కిటుకు. గట్టి నేల మీద కళ్లు మూసుకుని నిలబడితే చూపు ఆధారం పోయి, మెదడు పాదాలనూ కీళ్లనూ చెవినీ వినవలసి వస్తుంది. మెత్తని ఫోమ్ మీద కళ్లు తెరిచి నిలబడితే పాదాల సమాచారం నమ్మదగనిదై చూపు, చెవి పనిచేస్తాయి. ఫోమ్ మీద కళ్లు మూసుకుంటే దాదాపు చెవి ఒక్కటే దిక్కు. పాదాల స్పర్శ సగం మిగిలి ఉండి, చూపు మీదే బతుకుతున్న రోగికి మొదటి రకం ఎక్కువగా చేయించాలి. మందుల వల్ల లోపలి చెవి దెబ్బతిన్న రోగిని ఫోమ్ మీద కళ్లు మూసి నిలబెట్టడం వల్ల ఒరిగేది తక్కువ, పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ రోగికి ఎదురుగా ఉన్న గుర్తు మీద చూపు నిలిపి తలను అటూ ఇటూ తిప్పే వ్యాయామాలు, మిగిలిన స్పర్శను పదును పెట్టే సాధన కావాలి. పైకి ఒకేలా కనిపించే ఇద్దరు రోగులకు పట్టికలు వేర్వేరుగా ఉండవలసింది ఇందుకే. చర్మం పూర్తిగా మానిన తర్వాత చెప్పులు లేకుండా వేర్వేరు గరుకుదనం ఉన్న ఉపరితలాల మీద నిలబడి, కళ్లు మూసుకుని అది ఏమిటో గుర్తుపట్టడం కూడా మిగిలిన స్పర్శను వాడుకోవడం నేర్పుతుంది.

ముందే తెలిసిన కదలికల్లో నిలవడం ఒక ఎత్తు, అనుకోని తోపుకు తట్టుకోవడం ఇంకో ఎత్తు. ఫిజియోథెరపిస్ట్ పక్కనే ఉండి, నడుముకు పట్టీ కట్టి, భుజాన్నో తుంటినో చెప్పకుండా మెల్లగా నెట్టి, రోగి వెంటనే అడుగు వేసి ఆగేలా సాధన చేయించాలి. ఆ తర్వాత నడుస్తూ తల తిప్పడం, చేతిలో గ్లాసు పట్టుకుని నడవడం, నడుస్తూ లెక్కలు చెప్పడం వంటివి చేర్చాలి. నిజ జీవితంలో ఎవరూ తమ నడక మీదే దృష్టి పెట్టి నడవరు.

ఎంత మోతాదు అన్న ప్రశ్నకు కాలిన గాయాల రంగంలో ఉన్న అధ్యయనాలు ఎక్కువగా చిన్నవి. పడిపోవడాన్ని తగ్గించే వ్యాయామాలపై వృద్ధుల్లో జరిగిన విస్తృత పరిశోధన మాత్రం, నిలకడకు నిజంగా పరీక్ష పెట్టే వ్యాయామం వారానికి 3 గంటలకు పైగా ఉంటే ఫలితం ఎక్కువని చూపింది. రోజుకు అరగంట చొప్పున చేస్తే ఆ మోతాదు అందుతుంది. ఊగే పలకల యంత్రాలు, శరీరమంతా కంపింపజేసే పలకలు, రోబో సాయంతో నడిపించే పరికరాలు, వర్చువల్ రియాలిటీ ఆటలు కాలిన రోగుల్లోనూ ప్రయత్నించారు, కొన్నింట మంచి ఫలితాలు కనిపించాయి. విసుగు పుట్టకుండా ఎక్కువసేపు సాధన చేయించగలగడం వాటి పెద్ద బలం. అవి అందుబాటులో లేనంత మాత్రాన నిలకడ సాధన ఆగనక్కర్లేదు. గది మూల, గట్టి కుర్చీ, ఫోమ్ ముక్క, పక్కన నిలబడే ఒక మనిషి ఉంటే పైన చెప్పిన వాటిలో చాలావరకు చేయవచ్చు.

చర్మాన్ని కాపాడుకుంటూ

కొత్త చర్మం మిగతా చర్మంలా ఉండదు. గ్రాఫ్ట్‌లో చెమట గ్రంథులు, నూనె గ్రంథులు ఉండవు కాబట్టి అది పొడిబారుతుంది. విస్తీర్ణం పెద్దదైతే శరీరం వేడిని బయటికి పంపలేదు. వ్యాయామం చల్లని గదిలో, మధ్యలో నీళ్లు తాగుతూ చేయాలి. చిన్న రాపిడికే బొబ్బలు లేస్తాయి, స్పర్శ లేని చోట ఆ సంగతి రోగికి తెలియదు. ప్రతిసారీ వ్యాయామానికి ముందూ తర్వాతా పాదాలను, మడమలను, వేళ్ల సందులను అద్దం సాయంతో చూసుకోవడం అలవాటు కావాలి. ప్రెషర్ గార్మెంట్ (మచ్చను నొక్కి ఉంచే బిగుతు దుస్తు) రోజుకు 23 గంటలు వేసుకోమంటారు, వ్యాయామం చేసేటప్పుడు కూడా వేసుకునే ఉండవచ్చు. అది వాపును ఆపడమే కాక కాలి చుట్టూ ఒత్తిడి ఇచ్చి కొందరికి కాలి ఉనికి తెలిసేలా చేస్తుంది. బూట్లు వెడల్పుగా, మడమను గట్టిగా పట్టి ఉంచేలా ఉండాలి.

ఒక పిక్కలో హఠాత్తుగా నొప్పి, వాపు వస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కనుక వ్యాయామం ఆపి డాక్టర్‌కు చూపించాలి. కదిలిస్తున్న కొద్దీ ఒక కీలు ఇంకా బిగుసుకుపోతూ, గట్టిగా తగులుతూ ఉంటే కీలు చుట్టూ ఎముక పెరుగుతోందేమో చూడాలి. ఇది మోచేతిలో ఎక్కువగా కనిపించినా తుంటి, మోకాళ్లలోనూ రావచ్చు. అలాంటి కీలును బలవంతంగా వంచకూడదు.

శరీరం సిద్ధమైనా మనసు సిద్ధం కాకపోవడం కాలిన రోగుల్లో చాలా సాధారణం. ఒకసారి పడిపోయినవారు మళ్లీ పడతామేమోనని కదలికనే తగ్గించుకుంటారు, కదలిక తగ్గితే బలం తగ్గుతుంది, దానితో పడిపోయే ముప్పు నిజంగానే పెరుగుతుంది. భయపడకు అని చెప్పినంత మాత్రాన ఆ చక్రం తెగదు. తూలినా దెబ్బ తగలని ఏర్పాటులో తూలనిచ్చి, తేరుకోవడం తన చేతిలో ఉందని రోగికి అనుభవంలో తెలిసేలా చేయాలి. నేల మీద నుంచి ఒంటరిగా ఎలా లేవాలో నేర్పడం కూడా ఈ సాధనలో భాగమే. పడినా లేవగలనన్న నమ్మకం కలిగిన వ్యక్తి అడుగు వేరుగా ఉంటుంది. పీడకలలు, ప్రమాద దృశ్యాలు వెంటాడుతుంటే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి.

పిల్లల విషయంలో కాలపరిమితి పెట్టుకోకూడదు. ఎముకలు పెరుగుతాయి, మచ్చ వాటితో సమానంగా పెరగదు. ఏడేళ్ల వయసులో మామూలుగా నడిచిన పిల్లవాడు పన్నెండేళ్లు వచ్చేసరికి మునివేళ్ల మీద నడవవచ్చు. కాబట్టి పెరుగుదల ఆగేవరకు ఏటా కీళ్ల కదలికనూ నిలకడనూ చూడాలి. పెద్దవారిలో మచ్చ ముదిరి మెత్తబడడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఆ లోపు వ్యాయామంతో రాబట్టగలిగినంత కదలిక రాబట్టాలి. అప్పటికీ చీలమండ 90 డిగ్రీలకు రాకపోతే మచ్చను విడదీసే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఆపరేషన్‌తో కోణం వస్తుంది కానీ ఆ కోణంలో బరువు మోయడం మెదడు ఎన్నడూ నేర్చుకోలేదు లేదా మరిచిపోయింది కాబట్టి బరువు మార్పిడి దగ్గర నుంచి సాధన మళ్లీ మొదలుకావాలి. మచ్చ విడదీసిన తర్వాత స్ప్లింట్ మాత్రమే ఇచ్చి, నిలకడ వ్యాయామం రాయకుండా పంపితే కాలు నిటారుగా కనిపిస్తుంది కానీ రోగి మునుపటిలాగే గోడ పట్టుకుని నడుస్తాడు.